‘ఇతరములు’ గడిలో పడిన చేప

పులస గురించి రాయమంటే ఎవరైనా రాస్తారు. పుస్తెలమ్మి అయినా తినాలన్న సామెత చేతికి అందుబాటులో ఉంటుంది, గోదావరి వరద ఉంటుంది, ధర చెప్పి వినేవాళ్ల నోరు తెరిపించొచ్చు. కొరమేనుకూ గిరాకీకి కొదవ లేదు. దొందుకు ఇవేమీ లేవు. (‘దొందూ దొందే’ ఉంది కదా అనకండి, ఆ దొందు వేరు.) కోస్తాలో ఇసుక దొందు అని దానికో పేరైనా ఉంది. మా కర్నూలు బజారులో చిన్నచేపల కుప్పలో కలిసిపోయి ఉంటుంది, ఏరి అడిగేవాళ్లు అరుదు.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మనం పిల్లలు తెచ్చి వదిలితే పెరిగేదే చేప, చెరువులో తనంతట తాను పుట్టి పెరిగేది కలుపు అన్న లెక్క ఒకటి మన ఊళ్లలో చాలా కాలంగా నడుస్తోంది. ఆ లెక్క తప్పు. డెల్టా సంగతి అక్కడివాళ్లు చూసుకుంటారు. ఒక ఏడు వాన పడి రెండేళ్లు మొహం చాటేసే అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో మాత్రం అది బొత్తిగా తప్పు. అందుకు సాక్షిగా ఎవరూ పట్టించుకోని ఈ చేపనే పిలుస్తున్నాను. నేను జంతుశాస్త్రం చదివినవాణ్ణి కాను, పర్యావరణ ఉద్యమకారుణ్ణి అంతకన్నా కాను. చేపలు తినేవాణ్ణి.

ముందు చేపను చూద్దాం. సుంకేసుల వైపు నుంచి బుట్టతో వచ్చే ఒకావిడ దగ్గర నేను చిన్నచేపలు కొంటుంటాను. స్టీలు బేసిన్‌లో బేడిసలు, పక్కెలు, చిన్న జెల్లలు, సన్నరొయ్యలు అన్నీ కలగాపులగంగా పోసి ఉంటాయి. అందులో దొందును ఏరడం తేలిక. తక్కినవన్నీ పక్కకు వాలి పడుంటే అది మాత్రం బోర్లా పడుకుని ఉంటుంది. తల బల్లపరుపుగా ఉంటుంది, కళ్లు దాదాపు నెత్తిమీద ఉంటాయి, కింది దవడ పైదవడను దాటి ముందుకు పొడుచుకొస్తుంది. ఒళ్లంతా తడి ఇసుక రంగు, పక్కల వెంట వరసగా నల్లటి మచ్చలు. వీపు మీద రెక్కలు ఒకటి కాదు, రెండు, విడివిడిగా. తిరగేస్తే అసలు గుర్తు కనిపిస్తుంది. పొట్ట కింద ఉండే రెండు రెక్కలూ కలిసిపోయి చిన్న గిన్నెలా ఉంటాయి. ఏటి అడుగున రాయికో ఇసుకకో ఆనుకుని ప్రవాహంలో నిలబడడానికి ఆ అమరిక. ఓపికుంటే నోరు తెరిచి చూడండి, నాలుక కొస రెండుగా చీలి ఉంటుంది. జానెడు ఉంటే మన బజారులో పెద్దదే. పుస్తకాలు అరమీటరు దాకా పెరుగుతుందంటాయి.

“దీన్ని ఎందుకక్కా పక్కకు తీసి పెడతావు?” అని అడిగాను.

“దీని మొగం జూస్తే పామనుకుంటారన్నా. తక్కినవి గూడా కొనకుండా పోతారు.”

“మరి ఎవరు తీసుకుంటారు?”

“యెవురూ తీసుకోరు. మా ఇంట్లో పులుసు దానిదే.”

శాస్త్రానికి దీని పరిచయం పాతదే. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడిగా పనిచేసిన స్కాట్లండువాడు ఫ్రాన్సిస్ హామిల్టన్, గంగానదిలోనూ దాని పాయల్లోనూ దొరికే చేపల మీద 1822లో ఒక పుస్తకం అచ్చువేశాడు. దొందును మొదట వర్ణించింది అందులోనే. 1859లో థియోడర్ గిల్ అనే అమెరికన్ దీన్నీ దీని దగ్గరి బంధువులనూ ఒక ప్రజాతిగా కట్టి గ్లోసోగోబియస్ అని పిలిచాడు. మనది గ్లోసోగోబియస్ గ్యూరిస్. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి మన దేశం మీదుగా పసిఫిక్ దీవుల వైపు దాకా ఈ ఒక్క జాతే కనిపిస్తుంది. ఇక దాని అన్నదమ్ములు ఎక్కడెక్కడ ఇరుక్కుని బతుకుతున్నాయో చూస్తే ముచ్చటేస్తుంది. పాపువా న్యూగినీలోని కుటుబూ అనే ఒక్క సరస్సులోనే, ఇంకెక్కడా లేని గ్లోసోగోబియస్ జాతులు పలు ఉన్నాయి. మడగాస్కర్‌లోని అంకరానా సున్నపురాతి గుహల్లో, వెలుతురే సోకని నీళ్లలో, కళ్లు లేని జాతి ఒకటుంది. సముద్రపు అంచున ఉప్పునీళ్లలో ఉండేదీ, గుహ చీకట్లో ఉండేదీ, మా తుంగభద్ర ఇసుకలో బోర్లా పడుకునేదీ ఒకే ఇంటి పేరు పెట్టుకున్నాయి.

నా వాదనకు పట్టు ఇక్కడే దొరుకుతుంది. దొందు కుటుంబపు చేపల్ని గోబీలంటారు. వాటిలో కొన్నిటికి జీవితం సగం ఏట్లో, సగం సముద్రంలో. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల ప్రవాహంలో కొట్టుకుపోయి ఉప్పునీళ్లలో కొన్నాళ్లు పెరిగి మళ్లీ ఏటికి ఎదురెక్కాలి. హవాయి దీవుల్లో ఉన్న కొన్ని గోబీలు పొట్ట కింది ఆ అతుకుడు రెక్కతో జలపాతాల రాళ్లను పట్టుకుని నిలువునా పైకి పాకుతాయి. అంతటి పనిమంతులకు కూడా అడ్డంగా ఒక కాంక్రీటు గోడ కడితే కథ ముగిసినట్టే. మన దొందు ఏరు సముద్రంలో కలిసే ముఖద్వారాల్లోనూ బతుకుతుంది, కానీ సముద్రమే కావాలని పట్టుబట్టదు. ఆనకట్ట వెనకా, చెరువులోనూ, కాలువలోనూ గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకుంటుంది. పెన్న మీద నెల్లూరు దగ్గర ఆనకట్ట 1850ల్లోనే లేచింది. తరవాత సోమశిల, మైలవరం, గండికోట, మిడ్ పెన్నార్, పెన్నహోబిలం వచ్చాయి. తుంగభద్ర మీద హోస్పేట డ్యాము 1953లో, కృష్ణ మీద నాగార్జునసాగరం 1967లో, ఆ పైన శ్రీశైలం. ఇన్ని గోడల మధ్య ముక్కలు ముక్కలైన నదిలో మిగిలి ఉండగలిగిన చేప ఇది. అడగకుండా, పైసా ఖర్చు లేకుండా మిగిలింది. దాన్ని మనం కలుపు అంటున్నాం.

ఆనకట్టల సంగతి కొత్తగా ఎవరూ కనిపెట్టలేదు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉంటూ మన చేపల మీద జీవితం ధారపోసిన ఫ్రాన్సిస్ డే 1873లో ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలోనే, కాలువల కోసం కట్టే అడ్డుగోడలు చేపల రాకపోకల్ని దెబ్బతీస్తున్నాయని రాశాడు. 1897లో ఇండియన్ ఫిషరీస్ చట్టం వచ్చింది. పేలుడు మందు పెట్టి గానీ, నీళ్లలో విషం కలిపి గానీ చేపలు చంపడం నేరమని అందులో ఉంది. ఈ విషం మాట గుర్తుంచుకోండి, దీనితో ఇంకా పని ఉంది.

మా కేసీ (కర్నూలు-కడప) కాలువ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు ఎత్తుకుని కడప దాకా మూడొందల కిలోమీటర్లు పోతుంది. పడవలు నడపడానికి కూడా పనికొస్తుందని తవ్వారు, కంపెనీ నష్టాల్లో మునిగింది, 1882లో సర్కారు కొనుక్కుంది. పాఠాల్లో ఇంతవరకే చెబుతారు. కానీ చేప వైపు నుంచి చూస్తే ఆ కాలువ రెండు నదుల మధ్య తెరిచిన తలుపు. తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది, కడప నీళ్లు పెన్నలోకి పోతాయి. కృష్ణ చేపకూ పెన్న చేపకూ నూటయాభై ఏళ్ల కిందటే దారి పడింది. ఇప్పుడు హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం వచ్చాక మల్యాల దగ్గర శ్రీశైలం వెనక జలాల్ని పంపులతో ఎత్తి అనంతపురం జిల్లాలో జీడిపల్లి దాకా తోస్తున్నారు. నీళ్లతో పాటు ఏమేం ఎక్కి వస్తున్నాయో ఎవరైనా జల్లెడ పట్టి చూస్తున్నారా? కాలువలో ఎంత నీరు పారుతోందో రోజూ పేపర్లో వస్తుంది. ఆ నీళ్లలో ఏముందో మాత్రం రాదు.

సరే, విషం దగ్గరికి వద్దాం. చేపల పెంపకం మీద మన దేశంలో వచ్చిన మార్గదర్శక పుస్తకం ఏది తెరిచినా ‘అవాంఛిత చేపల నిర్మూలన’ అన్న భాగం ఒకటి ఉంటుంది. కొరమేను, వాలుగ, మార్పు లాంటి వేటచేపలతో పాటు ఆ జాబితాల్లో మన దొందు పేరు కూడా కనిపిస్తుంది. మందు ఏమిటంటే ఇప్పపిండి. ఇప్పగింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండి. మీటరు లోతు నీళ్లుంటే హెక్టారుకు 2,500 కిలోలు చల్లమంటారు. అందులో ఉండే సపోనిన్ అనే పదార్థం చేప రక్తంలోని ఎర్రకణాలను విరగ్గొడుతుంది. గంటల్లో చేపలు తేలిపోతాయి. రెండు మూడు వారాలకు విషం విరిగి అదే పిండి గుంటకు ఎరువవుతుంది. అప్పుడు బొచ్చె, రాగండి, మోసు పిల్లల్ని వదులుతారు. పద్ధతిగా చూస్తే తెలివైన పద్ధతే, కాదనను. నర్సరీ గుంటలో, అంటే అయిదారు మిల్లీమీటర్ల పిల్లల్ని పెంచే సొంత గుంటలో చేస్తే నాకు అభ్యంతరమే లేదు. అక్కడ దొందును ఉంచితే పెట్టుబడి మొత్తం దాని కడుపులోకే పోతుంది.

నా అభ్యంతరం ఎక్కడంటే, నర్సరీ గుంటకు రాసిన సూత్రం ఊరి చెరువు దాకా పాకడం దగ్గర. చెరువంటే గుంట కాదు. పశువులు తాగుతాయి, చాకిరేవు ఉంటుంది, పైనుంచి వాగు వస్తుంది, తూము కింద పొలాలుంటాయి. అంత పెద్ద నీటికి ఇప్పపిండి ఎవరూ చల్లలేరు, కాబట్టి చెరువుల్లో నిర్మూలన ఇంకో రూపంలో జరుగుతుంది. పత్తికొండ వైపు ఒక ఊళ్లో ఎండాకాలం చివర చూశాను. చెరువు ఎండిపోయి నడిమధ్య ఒక మడుగు మిగిలింది. చెరువును వేలంలో పాడుకున్న పాటదారు రెండు డీజిల్ ఇంజన్లు పెట్టి ఆ మడుగు కూడా తోడించేశాడు. చివరి కొర్రమట్టను, చివరి జెల్లను బురదలో చేతులు పెట్టి తీయించాడు. దోమతెర లాంటి సన్నకన్ను వలతో అడుగు గీకించాడు. మిగిలిన వేలెడంత చేపలన్నీ గట్టు మీద కుప్ప పోసి వదిలేశారు, కాకులకు. ఆ కుప్పలో సగం దొందులు. అవి ఇంకా కదులుతున్నాయి. కొద్దిసేపు తట్టుకుంటాయి కదా అని ఒక పిల్లాడు నాలుగైదు ఏరి ప్లాస్టిక్ మగ్గులో వేసుకున్నాడు. పాటదారు మనిషి వాణ్ణి అదిలించాడు. కాకులకు వేసినదాని మీద కూడా హక్కు వదులుకోలేదు.

దీనికి అవతలి వాదన నాకు తెలుసు. ఒక మత్స్యకారుల సొసైటీ పెద్దమనిషితో దీని మీద గంటసేపు మాట్లాడాను. ఆయన మాటలో న్యాయం ఉంది.

“సార్, మేం అప్పు చేసి పాట కడతాం. పిల్లలు తెచ్చి వదుల్తాం. మీ దొందులు, కొర్రమట్టలు వాటిని తిని బలిస్తే కిస్తీ మీరు కడతారా?”

కట్టను. కానీ ఆయన తెచ్చి వదిలే పిల్ల ఎంత సైజు అన్నది అసలు ప్రశ్న. వేలి గోరంత పిల్లను చెరువులో పోస్తే దాన్ని తినడానికి దొందే అక్కర్లేదు. కొంగ తింటుంది, నీటికాకి తింటుంది, పాము తింటుంది, వాలుగ తింటుంది. జలాశయాల్లో వదిలే పిల్ల కనీసం నాలుగంగుళాలు ఉండాలని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. నాలుగంగుళాల బొచ్చె పిల్లను మింగే దొందు మన చెరువుల్లో ఎక్కడ ఉంది? దాని ఒళ్లే అయిదారు అంగుళాలు. పెద్ద పిల్లకు ఖర్చెక్కువ, రవాణా కష్టం, అందుకని చిన్నవే వస్తాయి. చచ్చినవాటి పద్దు ‘వేటచేపల’ ఖాతాలో రాసేస్తారు. పంపిణీలో జరిగిన లోపానికి చెరువులో పుట్టిన చేప నేరస్థురాలైంది. పెద్దమనిషి ఈ మాటకు నవ్వి, “సైజు గురించి మేం అడిగితే వినేవాళ్లెవరు సార్” అన్నాడు. అక్కడ మా ఇద్దరికీ రాజీ కుదిరింది.

ఇంకో సంగతి. వేటచేపలు నష్టమని ఇంత పట్టుదలగా ఏరేసే మనమే జిలేబీ చేపను, అంటే తిలాపియాను, ఏం చేశాం? ఆఫ్రికాలో పుట్టిన ఆ జాతిని 1952లో తెచ్చి మన నీళ్లలో వేసుకున్నాం. ఇప్పుడు అది ఏ కుంటలో చూసినా ఉంది. దోమల పిల్లల్ని తింటుందని 1928లో గంబూసియా అనే చిన్నచేపను దేశంలోకి తెచ్చారు, ఇప్పటికీ వానాకాలం రాగానే ఫొటోలు దిగుతూ కుంటల్లో వదులుతున్నారు. ప్రపంచంలో అత్యంత చెడుపు చేసే వంద పరాయి జీవుల పట్టికలో అదొకటి. బయటినుంచి తెచ్చింది ‘అభివృద్ధి’, ఉన్నది ‘కలుపు’. ఫిలిప్పీన్స్‌లో బూహీ అనే సరస్సుంది. అందులో సెంటీమీటరు పైచిలుకు ఉండే సినరపాన్ అనే గోబీ ఉండేది, ప్రపంచంలోని అతి చిన్న చేపల్లో ఒకటి. ఊళ్లవాళ్ల రోజువారీ కూర అదే. సన్నకన్ను వలలతో ఊడ్చి, బయటి చేపలు తెచ్చి వదిలి, దాన్ని అంతరించే అంచుకు తెచ్చారు. తరవాత పక్కనున్న చిన్న సరస్సుల్లో కాపాడుకోవాల్సి వచ్చింది. మన దొందుకు అంత ప్రమాదం లేదు, అంతర్జాతీయ పట్టికల్లో అది నిశ్చింతగానే ఉంది. నా దిగులు జాతి అంతరిస్తుందని కాదు. మా ఊరి చెరువులో అయిపోతుందని. ఆఫ్రికా నుంచి పసిఫిక్ దాకా ఉంది కదా అంటే పత్తికొండలో కూర ఉడకదు.

కూర మాట వచ్చింది కాబట్టి. బొచ్చె, రాగండి ఐస్ డబ్బాల్లో బెంగుళూరుకో హైదరాబాదుకో లారీ ఎక్కుతాయి. ఊళ్లో మిగిలేది డబ్బున్నవాడు గట్టు మీద కొనుక్కున్న రెండు కిలోలు. పూర్వం చెరువులో నీళ్లు తగ్గే రోజుల్లో చిన్నచేపలు ఎవరివీ కావు. కూలికి పోయి వచ్చే ఆడవాళ్లు పాత చీర అటూ ఇటూ పట్టుకుని ఈడిస్తే ఒక పూటకు సరిపడా దొరికేవి. పాట విధానం గట్టిపడ్డాక ఆ పూట పోయింది. గాలం వేసిన పిల్లల్ని తరమడానికి కాపలా మనిషిని పెట్టే దాకా వచ్చాం. పాటలో ఆదాయం ఎంతో పంచాయతీ పుస్తకంలో ఉంటుంది. పోయిన కూర ఎంతో ఏ పుస్తకంలోనూ ఉండదు. చేపల దిగుబడి పట్టికలు చూడండి, బొచ్చె, రాగండి, మోసు, కొరమేను అన్నిటికీ గడులుంటాయి. చివర ‘ఇతరములు’. పేదవాడి పళ్లెంలోకి వచ్చేదంతా ఆ చివరి గడిలోదే.

చిన్నచేపను ముల్లుతో సహా నములుతాం, అందులోని సున్నం ఒంటికి పడుతుంది. బంగ్లాదేశ్‌లో మోలా అనే చిన్నచేపను తలతో, కళ్లతో కలిపి తింటే విటమిన్ ఎ బాగా అందుతుందని తేలాక, అక్కడ బొచ్చె రాగండి పెంచే గుంటల్లోనే దాన్నీ ఉంచడం మొదలుపెట్టారు. పెద్దచేప అమ్మకానికి, చిన్నచేప ఇంటికి. రెండూ ఒకే నీళ్లలో. దొందు మోలా లాగా సాధుజంతువు కాదు, నిజమే. అందుకే పిల్ల సైజు గురించి అంత గట్టిగా అడుగుతున్నది.

రుచి సంగతి కూడా తేల్చేస్తాను. దొందు పొలుసు గరుకుగా ఉంటుంది, వేలితో రాదు. బూడిద, రాళ్ల ఉప్పు వేసి గరుకు బండ మీద రుద్దాలి, తల వైపు నుంచి కాదు, తోక వైపు నుంచి. తల తీయకూడదు, తలలోనే రుచి. చింతపండు పులుసు బాగా మరిగాక చివర్లో వేయాలి, గరిటె పెట్టకూడదు, గిన్నె పట్టుకుని తిప్పాలి. మెంతిపొడి చిటికెడు, వెల్లుల్లి దండిగా. కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది, పక్కెల్లో ఉన్నట్టు సన్నముళ్ల బెడద లేదు. వేడి సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకుంటే రాగండి ముక్క గుర్తుకు రాదు. రాగండిని నేను తక్కువ చేయడం లేదు, అది మెత్తగా, మర్యాదగా ఉంటుంది, పెళ్లిభోజనాలకు బాగుంటుంది.

దొందుకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. అడుగున ఇసుకో రేగడో ఉండాలి, ఎండాకాలంలో కాస్త లోతు నీళ్లుండాలి. ఈ రెండూ మనమే తీసేస్తున్నాం. పెన్నలో, తుంగభద్రలో ఇసుక ఎలా పోతోందో రాత్రిపూట రోడ్డు మీద నిలబడితే తెలుస్తుంది, నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక లోతు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండకూడదని అందులో చెప్పారు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, నడుమ మెరకగా ఉండడం దోషాలట. ఇవాళ మన చెరువులకు ఆ చివరి దోషం పూడిక రూపంలో పట్టుకుంది. పూడిక నిండి అడుగు పళ్లెమైపోయిన చెరువులో మార్చి దాటాక మడుగే మిగలదు. మిగిలిన ఒకటీ అరా చెరువులో దాన్ని ఇంజను పెట్టి తోడుతున్నాం. వచ్చే వానకు చెరువు నిండినా అందులో పుట్టడానికి తల్లి చేప ఉండదు. అప్పుడు మళ్లీ పిల్లలు కావాలని అర్జీ పెడతాం.

చెరువు పాట కాగితాల్లో షరతులు ఇప్పటికే బోలెడు ఉంటాయి. తూము ముట్టుకోరాదు, పశువుల్ని అడ్డగించరాదు, కట్టకు నష్టం చేయరాదు, కిస్తీ ఫలానా తేదీకి కట్టాలి. వాటి కింద ఇంకో వాక్యం చేర్చమంటున్నాను. ఎండాకాలంలో చివరి మడుగు, మొలలోతు నీళ్లు మిగిలాక, తోడరాదు. అందులో సన్నకన్ను వల వేయరాదు. రెండో వాక్యానికి చోటుంటే, గాలంతోనో చీరతోనో ఇంటికి సరిపడా చిన్నచేపలు పట్టుకునేవాళ్లను ఆపరాదు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. పాట మొత్తం ఒకట్రెండు వేలు తగ్గితే తగ్గుతుంది. పంచాయతీ తీర్మానం చాలు, పాట రోజుకు ముందే చేయించుకోవాలి.